వాగు గీతల్లో పల్నాడు

పల్నాడు చరిత్ర అనగానే కారంపూడి వీరుల గుడి, మాచర్ల చెన్నకేశవుడి ఆలయం గుర్తొస్తాయి. వాటి చుట్టూ ఉన్న నేలను కూడా చదవాలంటే సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీట్, అంటే ఎత్తుపల్లాలు చూపే పటం, కావాలి. పాత వరుసలో 56పి కింద వచ్చే షీట్లలో పల్నాడు చాలావరకు దొరుకుతుంది. 1:50,000 స్కేలులో నేలమీది కిలోమీటరు కాగితం మీద రెండు సెంటీమీటర్లు. అందుకే చెరువు కట్ట, గుడి, కాలిబాట కూడా కనిపిస్తాయి.

చదవడం వాగుతో మొదలుపెట్టాలి. షీటులోని గోధుమరంగు గీతలు ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతాయి. వాగును దాటేచోట అవి మొనదేలతాయి. మొన ఎటు ఉంటే అటే ఎగువ. ఎండిపోయే వాగు నలుపు, నీళ్లుండేది నీలం.

అలా చంద్రవంక వెంట వెళ్తే మాచర్ల ఆలయం దాటి, ఎత్తిపోతల దగ్గర సుమారు 70 అడుగులు దూకి కృష్ణలో కలుస్తాం. నాగులేరు వెంట వెళ్తే కారంపూడి, దాచేపల్లి వస్తాయి. మాచర్ల, గురజాల, కారంపూడిని పెన్సిలుతో కలిపి చూడండి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో అన్నదమ్ముల రాజ్యాలు ఎంత దగ్గరగా ఉండి కొట్టుకున్నాయో, చివరి పోరు ఏ ఏటి ఒడ్డున జరిగిందో కళ్లకు కడుతుంది.

రెండు కాలాల షీట్లు పక్కపక్కన పెడితే ఇంకా తెలుస్తుంది. 1926లో వెలుగుచూసిన నాగార్జునకొండ లోయ పాత షీటులో కొండల నడుమ నేల. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. మునిగేలోపే పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు ముమ్మరంగా తవ్వింది. కొత్త షీటులో లోయంతా నీలిరంగే. కొండ నెత్తి మాత్రం ద్వీపమై మిగిలింది.

జనం వదిలేసిన ఊళ్లకూ టోపోషీట్లలో గుర్తు ఉంది. మన రైతులు పాటిమన్ను తోలుకునే దిబ్బలు చాలావరకు అలాంటి ఊళ్లే. అయితే ప్రతి దిబ్బా షీటుకెక్కలేదు. ఆ ఖాళీలు నింపగలిగింది ఊరి పెద్దలే: పాత బావి ఎవరిది, బండ్లబాట వాగును ఎక్కడ దాటేది, గుడి ఎందుకు చేను మధ్య ఒంటరిగా ఉంది.

ప్రజలందరి కోసం వేసిన ఓపెన్ సిరీస్ టోపోషీట్లను సర్వే ఆఫ్ ఇండియా ఇప్పుడు తన వెబ్‌సైట్‌లోనే ఇస్తోంది. ప్రతి ఉన్నత పాఠశాలలో ఆ ఊరి షీటు గోడకెక్కాలి. పిల్లలు దాన్ని పట్టుకుని వాగు వెంట నడవాలి, పెద్దలు చెప్పింది అందులో రాయాలి. వాగులు పూడి చేలల్లో కలిసిపోతున్న ఈ రోజుల్లో ఈ పని వాయిదా వేయదగ్గది కాదు.