వెలుతురు కెరటమా, రేణువా?

పిల్లలూ! మామిడిచెట్టు కింద నిలబడి కాయను రాల్చాలనుకున్నారనుకోండి. దూదిపింజలు విసిరితే రాలుతుందా? ఒకటి కాదు, గంపెడు విసరండి. రాలదు. అదే గులకరాయి ఒక్కటి సూటిగా తగిలిందా, టప్పున రాలుతుంది. ఇది మీకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. కాని వెలుతురు విషయంలో ఈపాటి సంగతి ఒప్పుకోవడానికి గొప్ప గొప్ప శాస్త్రజ్ఞులకు ఇంచుమించు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ కథ చెబుతాను.

చెరువులో రాయి వేస్తే కెరటాలు లేస్తాయి గదా! వెలుతురు కూడా అలాగే కెరటాలుగా వ్యాపిస్తుందని పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులు తేల్చారు. రంగుల భేదమంతా కెరటం పొడవులోనే ఉంది. ఎరుపు కెరటం పొడుగు, నీలం కెరటం పొట్టి. ఊదా కెరటం కన్నా పొట్టివి మన కంటికి కనబడవు. వాటిని అతినీలలోహిత కిరణాలంటారు.

1887లో జర్మనీలోని కార్ల్స్‌రూయే పట్టణంలో హెర్ట్జ్ అనే ప్రొఫెసరు విద్యుత్తు వల్ల కూడా ఇటువంటి కెరటాలు పుడతాయని రుజువు చేస్తున్నాడు. ఒకచోట పెద్ద నిప్పురవ్వ పుట్టిస్తే, దూరాన ఉన్న తీగచుట్ట సందులో చిన్న రవ్వ మెరిసేది. ఆ చిన్న రవ్వ సరిగా కనబడక దాని చుట్టూ చీకటి పెట్టె అమర్చాడు. చిత్రం! పెట్టెలో పెట్టగానే రవ్వ ఇంకా చిన్నదైపోయింది.

మరొకరైతే విసుక్కుని పెట్టె తీసి అవతల పారేసేవారు. హెర్ట్జ్ మాత్రం అసలు పని పక్కకు పెట్టి కొన్ని నెలలు దీని వెంటే పడ్డాడు. రెండు రవ్వల మధ్య గాజుపలక అడ్డుపెట్టాడు. చిన్న రవ్వ తగ్గింది. స్ఫటికపు పలక పెట్టాడు. తగ్గలేదు. గాజు అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది, స్ఫటికం ఆపదు. అంటే పెద్ద రవ్వ నుంచి వచ్చే ఆ కిరణాలే చిన్న రవ్వకు సాయపడుతున్నాయన్నమాట! ఎందుకు సాయపడుతున్నాయో ఆయన చెప్పలేదు. 1894లో, 36 ఏళ్ళ వయసులోనే చనిపోయాడు.

తరువాత 1897లో ఎలక్ట్రాన్ల సంగతి బయటపడింది. వెలుతురు తాకితే లోహంలోంచి ఎలక్ట్రాన్లు ఎగిరి వస్తాయని తెలిసింది. దీనికే కాంతి విద్యుత్ ఫలితమని పేరు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. పెద్ద కెరటం గట్టును గట్టిగా కొడుతుంది. కాబట్టి వెలుతురు జోరు పెంచితే ఎలక్ట్రాన్లు ఇంకా వేగంగా రావాలి. 1902లో లెనార్డ్ అనే ఆయన పరీక్షించి చూస్తే అలా జరగలేదు. జోరు పెంచితే ఎక్కువ ఎలక్ట్రాన్లు వచ్చాయిగాని, వాటి వేగం రవ్వంతైనా పెరగలేదు. సోడియం లోహాన్నే చూడండి. దానిమీద ఎర్రని వెలుతురు ఎంత కుమ్మరించినా ఒక్క ఎలక్ట్రానూ కదలదు. నీలం వెలుతురు కొద్దిగా పడితే చాలు, వెంటనే బయలుదేరుతాయి!

1905లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో, పేటెంటు ఆఫీసులో పనిచేసే 26 ఏళ్ళ ఐన్‌స్టీన్ దీనికి జవాబు చెప్పాడు. వెలుతురులోని శక్తి నీళ్ళలా ధారగా రాదు, పొట్లాలు పొట్లాలుగా వస్తుంది అన్నాడు. కెరటం పొట్టిదైనకొద్దీ పొట్లంలో శక్తి ఎక్కువ. ఒక పొట్లం ఒక్క ఎలక్ట్రానుకే అందుతుంది. లోహాన్ని దాటడానికి ఎలక్ట్రాను కొంత సుంకం కట్టాలి. మిగిలిన శక్తితో పరుగెత్తుతుంది. ఎర్రని పొట్లం సుంకానికే చాలదు. అది దూదిపింజ. నీలం పొట్లం గులకరాయి.

“రెండు ఎర్ర పొట్లాలు కలిపి ఇవ్వకూడదా, మాష్టారూ?” అని నా క్లాసులో ఎవరో ఒకరు తప్పక అడిగేవారు. మంచి ప్రశ్నే. మామూలు వెలుతురులో రెండు పొట్లాలు ఒకే క్షణాన ఒకే ఎలక్ట్రానుకు అందడం దాదాపు జరగదు.

ఈ మాట చాలామందికి రుచించలేదు. అమెరికాలో, చికాగోలో ఉన్న మిల్లికన్‌కు అసలే రుచించలేదు. అది తప్పని చూపడానికి పూనుకుని పదేళ్ళు కష్టపడ్డాడు. సోడియం వంటి లోహానికి గాలి తగిలితే చాలు, పైన మష్టు కడుతుంది. అందుకని గాలి తీసేసిన గాజుపాత్రలో లోహపుముక్కతోబాటు ఒక చిన్న కత్తిని కూడా ఇమిడ్చి, బయటినుంచి అయస్కాంతంతో దాన్ని నడిపి, ప్రతిసారీ కొత్త ముఖం చెక్కి, దానిమీద ఒక్కొక్క రంగు వెలుతురు వేసి కొలిచాడు. ఇంట్లో కొబ్బరి చెక్కడమే ఎంత పనో మీ అమ్మగారిని అడగండి. ఇదేమో మూతవేసిన సీసాలో!

1916లో ఆయన లెక్కలు అచ్చు వేశాడు. గీత గీస్తే తిన్నగా, ఐన్‌స్టీన్ చెప్పినట్టే వచ్చింది. అంకెలు ఒక్కటీ దాచలేదు. సమీకరణం సరిగ్గా ఉందని ఒప్పుకున్నాడు. పొట్లాల మాట మాత్రం నమ్మలేనన్నాడు! 1921 సంవత్సరపు నోబెల్ బహుమానం ఈ సమీకరణానికే ఐన్‌స్టీన్‌కు దక్కింది. 1923లో మిల్లికన్‌కూ వచ్చింది. అదే ఏడు కాంప్టన్ అనే ఆయన ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను గోళీల్లా ఢీకొంటాయని చూపాక, పొట్లాలను కాదనేవారు తగ్గిపోయారు. వాటినే ఇప్పుడు ఫోటాన్లంటాం.

“దీనివల్ల లాభమేమిటి?” అని మీ నాన్నగారు అడిగితే, పాత సినిమా రీలు సంగతి చెప్పండి. రీలు అంచున సన్నటి చార ఉండేది. దానిగుండా పోయిన వెలుతురు కాంతి విద్యుత్ గొట్టంమీద పడి, విద్యుత్తుగా మారి, తెరవెనక మాటా పాటా అయ్యేది.

మరి కెరటాల మాట అబద్ధమా? కాదు. సబ్బుబుడగ మీది రంగులకు కెరటాలే కారణం. వెలుతురుకు రెండు గుణాలూ ఉన్నాయి. 1924లో ఫ్రాన్సుదేశపు డీ బ్రోలీ ఇంకో అడుగు ముందుకు వేశాడు. వెలుతురు రేణువులా నడిచినప్పుడు, రేణువైన ఎలక్ట్రాను కెరటంలా ఎందుకు నడవకూడదన్నాడు. 1927లో అమెరికాలో డేవిసన్, జెర్మర్ అనే ఇద్దరూ, స్కాట్లండులో జి. పి. థామ్సన్ అనే ఆయన విడిగానూ అది నిజమని చూపారు.

ఈ థామ్సన్ ఎవరనుకున్నారు? 1897లో ఎలక్ట్రాను రేణువని చూపిన జె. జె. థామ్సన్‌కు స్వయానా కొడుకు! తండ్రికి 1906లో నోబెల్ బహుమానం వచ్చింది. ఎలక్ట్రాను కెరటమని చూపిన కొడుక్కు 1937లో, డేవిసన్‌తో కలిపి వచ్చింది. తండ్రి 1940 దాకా జీవించాడు గనుక, ఆ ముచ్చట కూడా చూశాడు.