ఆవిరిలో దాగిన లోపం
బిలాస్‌పూర్ ఎండల్లో పెట్రోలు కార్లను వేధించే సమస్యకు మూలం చాలాసార్లు ఇంజనులో ఉండదు

మే నెల మధ్యాహ్నం బిలాస్‌పూర్‌లో ఎండ 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఆగ్నేయ మధ్య రైల్వేకు 2003 నుంచి ప్రధాన కేంద్రమైన ఈ ఊళ్లో కార్లకు ఆ ఎండే అసలు పరీక్ష. లోకో పైలట్లు, ట్రైన్ మేనేజర్లు (ఒకప్పటి గార్డులు) బండిని ఆరుబయట ఆపి డ్యూటీకెక్కితే తిరిగొచ్చేది ఏ మర్నాడో. ఈలోగా ట్యాంకులో పెట్రోలు కాగి ఆవిరవుతూ ఉంటుంది. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన కాలనీల్లోనైనా, మరెక్కడైనా యజమాని చెప్పే లక్షణాలు ఇవే: కారు చుట్టూ పెట్రోలు వాసన, బంకు నుంచి బయల్దేరేటప్పుడు స్టార్టింగ్ ట్రబుల్, సిగ్నల్ దగ్గర ఇంజను వణుకు.

ఆ ఆవిరిలో బెంజీన్ ఉంటుంది. అది క్యాన్సర్ కారకం. అందుకే ఆవిరిని గాల్లోకి వదలకుండా బొగ్గు నింపిన క్యానిస్టర్‌లోకి మళ్లిస్తారు. ఇంజను వేడెక్కాక పర్జ్ వాల్వు తెరుచుకుని ఆ ఆవిరిని లోపలికి లాగి మండిస్తుంది. స్టేషన్‌కూ ఇంటికీ మధ్య రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఇంజను సరిగా వేడెక్కదు, బొగ్గు ఖాళీ కాదు.

పర్జ్ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోతే ట్యాంకు నింపగానే ఆవిరి నేరుగా ఇంజనులోకి వెళ్తుంది. మిశ్రమం చిక్కబడి బండి మొరాయిస్తుంది. కొన్ని గ్యారేజీల్లో ముందుగా పడే వేటు స్పార్క్ ప్లగ్గుల మీద, తర్వాత ఇంజెక్టర్ల మీద. బిల్లు వేలకు చేరినా జబ్బు అలాగే ఉంటుంది.

స్కానర్ పెడితే తేలిపోదా? ఇక్కడే చిక్కు. అమెరికాలో 1990ల మధ్య నుంచి కార్లే తమ ట్యాంకు లీకులను పసిగట్టాలి. తర్వాత దశలో అర మిల్లీమీటరు రంధ్రం కూడా దొరకాలన్న నిబంధన వచ్చింది. యూరప్ బాటలో నడిచే మన భారత్ స్టేజ్ నిబంధనలు ప్రధానంగా కోరేది పర్జ్ వాల్వు విద్యుత్ సర్క్యూట్‌పై నిఘా. వైరు తెగితే పీ0443 వంటి కోడ్ పడుతుంది. గొట్టం పగిలినా, మూత రబ్బరు ఎండిపోయినా చాలా కార్లలో దీపం వెలగదు. కోడ్ లేదంటే లోపం లేదనుకునే మెకానిక్ ఇక్కడే బోల్తా పడతాడు.

పాతకాలపు పద్ధతే నయం. చల్లటి ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా వాల్వు నుంచి క్యానిస్టర్ వైపు గొట్టం ఊడదీసి వాల్వు నోటికి వేలు అడ్డుపెట్టాలి. పీలుడు తగిలితే వాల్వు మూసుకోవడం లేదని అర్థం. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ బాగా మైనస్‌లోకి జారిందా చూసి దీన్ని సరిపోల్చుకోవచ్చు. మూత తీయగానే ఉస్సుమని గాలి లోపలికి పోతుంటే, బంకులో నాజిల్ మాటిమాటికీ ఆగిపోతుంటే అనుమానం వెంట్ మార్గం మీదికి మళ్లాలి. బొగ్గు వ్యాగన్లు తిరిగే ప్రాంతంలో దుమ్ము దాన్ని మూసేయడం కష్టమేమీ కాదు. లీకు ఎక్కడో తెలియకపోతే తక్కువ ఒత్తిడితో పొగ ఎక్కించి చూడటమే మార్గం. పెట్రోలు ఆవిరి ఉన్న చోట మామూలు కంప్రెసర్ గాలి వాడటం ప్రాణాంతకం. ఆ పనికి నైట్రోజన్ వాడాలి.

నేరం కొంత యజమానిదీ. నాజిల్ ఆగాక ‘ఇంకో యాభై కొట్టు’ అంటే ద్రవ పెట్రోలు క్యానిస్టర్‌లోకి చేరి బొగ్గును పాడుచేస్తుంది. కాలుష్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష సైలెన్సర్ నుంచి వచ్చే పొగను మాత్రమే కొలుస్తుంది. ట్యాంకు మూత దగ్గర కారిపోయే ఆవిరితో దానికి పని లేదు. అలాంటి కారు కూడా ధ్రువపత్రంతో దర్జాగా తిరుగుతుంది.