థైరాయిడ్ మాత్ర, గుండె లయ

రమజాన్ మాసం సమీపించగానే మమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "మౌలానా, థైరాయిడ్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?" వైద్యుని సలహాతో సహరీకి అరగంట, గంట ముందు లేచి పరగడుపున నీళ్ళతో వేసుకోవచ్చు. లేదా రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు. మాసమంతా ఒకే వేళను పాటించాలి.

గత సంవత్సరం రమజాన్ మధ్యలో ఇదే ప్రశ్నతో వచ్చిన ఒక వృద్ధ సోదరి, తరావీహ్‌లో నిలబడితే గుండె దడదడలాడుతోందని, అది దైవభీతి కాబోలు అనుకున్నానని అన్నారు. ఆమె తొమ్మిదేళ్ళుగా ఒకే మోతాదు వాడుతున్నారు. చివరి రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నదీ గుర్తులేదు. వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళమన్నాము.

మెడలోని థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడు దాని హార్మోనుకు బదులుగా ఇచ్చేదే లీవోథైరాక్సిన్ మాత్ర. అది లేకపోతే గుండె వేగం తగ్గుతుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కనుక మాత్ర గుండెకు శత్రువు కాదు. ముప్పంతా అవసరానికి మించిన మోతాదుతోనే. అప్పుడు గుండె పై గదులు క్రమం తప్పి అదరవచ్చు. వైద్యులు దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 60 ఏళ్ళు, ఆపైబడిన సుమారు 2,000 మందిని పదేళ్ళు పరిశీలించి 1994లో ఫలితాలు ప్రకటించారు. టీఎస్‌హెచ్ బాగా పడిపోయినవారిలో ఈ జబ్బు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. (మాత్ర వాడేవారిలో టీఎస్‌హెచ్ పడిపోయిందంటే సాధారణంగా హార్మోను ఎక్కువైందని అర్థం, మనవాళ్ళు దీనిని తరచూ తలక్రిందులు చేసుకుంటారు.)

వయసు పైబడి బరువు తగ్గితే శరీరానికి చాలే మోతాదు కూడా తగ్గవచ్చు. నలభైలో సరిపోయింది అరవై అయిదులో అధికం కావచ్చు. అందుకే ఏడాదికొకసారి, మోతాదు మార్చినప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష అవసరం. కాల్షియం, ఐరన్ మాత్రలకు దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. దడ వచ్చిందని సొంతంగా మానేయడమూ ప్రమాదమే. ఇక జబ్బే లేకుండా, నికాహ్ లోపు సన్నబడాలని ఈ మాత్ర మింగే యువతుల గురించి విన్నాము. అల్లాహ్ ఇచ్చిన అమానత్‌తో అది చెలగాటం.

ఆ సోదరికి ఈసీజీలో లయ తప్పినట్లు తేలింది. వైద్యుడు మోతాదు తగ్గించి, గుండెకు వేరే మందులిచ్చి, మిగిలిన ఉపవాసాలు వద్దన్నారు. ఆమె కన్నీళ్ళు పెట్టుకున్నారు. రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును గుర్తుచేసి, కోలుకున్నాక ఖజా చేసుకోవచ్చని చెప్పాము. వైద్యుడు అనుమతించాక, చలికాలపు పొట్టి పగళ్ళలో ఆమె ఆ పదకొండు ఉపవాసాలూ పూర్తిచేశారు.