బండిలో ఇంధనపు వాసన: మూలమును కనుగొనుట ఎట్లు?

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపూరు రాతిగుట్టల మధ్య, 1998 నవంబరు 22న సైబర్ టవర్సు భవనము ప్రారంభమైనది. అది మొదలు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు లేచిన అద్దాల మేడలను గూర్చి విననివారు లేరు. ఆ మేడలకు తెల్లవారకముందే మంచినీళ్ళ డబ్బాలు, పాలు, కూరగాయలు, క్యాంటీను సరుకులు చేర్చు చిన్న లారీలను గూర్చి తలచువారు మాత్రము తక్కువ. వీనిలో బొలెరో పికప్పులు కలవు. 2005లో విడుదలైన టాటా ఏస్ బండ్లు కలవు. ఈ ఏస్‌నే జనము 'ఛోటా హాథీ' యని ముద్దుగా పిలుతురు. మొదటి ఏస్ బండ్లకు రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను అమర్చిరి. అది డ్రైవరు కూర్చుండు గదిలోనే, ఆసనముల అడుగున ఉండును. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

పదిపదిహేనేండ్లు తిరిగిన ఇట్టి బండిలో ఒకనాటి ఉదయము తలుపు వేసికొనగానే ఇంధనపు వాసన ముక్కునకు తగిలినదనుకొందము. ట్యాంకు వెనుక నున్నది, అద్దములు మూసియున్నవి. వాసన ఎక్కడిది? ప్రమాదమా, కాదా? చాలమంది డ్రైవర్లు ఒక అగరువత్తి వెలిగించి ఊరకుందురు. ఇంతకంటె తప్పు పని మరియొకటి లేదు. ఏలనో ముందు చూతము.

ముక్కు మిక్కిలి సున్నితమైన పరికరము. మానవుని ముక్కులో సుమారు 400 రకముల వాసన గ్రాహకములు పనిచేయుచున్నవి. ఈ గ్రాహకములను నిర్మించు జన్యువులను 1991లో కనుగొన్న రిచర్డు ఆక్సెల్, లిండా బక్ అను శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి లభించినది. పెట్రోలు ఆవిరి గాలిలో పది లక్షల పాళ్ళకు ఒక పాలు ఉన్నను మనకు తెలియును. అయితే అది మండుటకు గాలిలో నూటికి సుమారు 1.4 పాళ్ళు, అనగా పది లక్షలకు 14 వేల పాళ్ళు, ఉండవలెను. కావున వాసన తగిలిన ప్రతిసారి బండి పేలిపోవునని భయపడ నక్కరలేదు.

విద్యార్థులు దీనిని లెక్కవేసి చూడవచ్చును. ఒక మిల్లీలీటరు పెట్రోలు, అనగా ఇంచుమించు ఇరువది చుక్కలు, పూర్తిగా ఆవిరియైనచో రమారమి 200 మిల్లీలీటర్ల ఆవిరి అగును. చిన్న లారీలోని డ్రైవరు గదిలో 2,000 లీటర్ల గాలి పట్టుననుకొందము. అప్పుడు ఆవిరి పది లక్షలకు నూరు పాళ్ళు. ముక్కు పట్టగల దానికి ఇది నూరు రెట్లు; మండుటకు కావలసిన దానిలో 140వ వంతు మాత్రమే. ఇక అదే గది మండు స్థితికి రావలెనన్న 140 మిల్లీలీటర్ల పెట్రోలు చాలును. రెండు చిన్న టీ గ్లాసులైన నిండని పెట్రోలు! పైగా ఆవిరి గదియంతట సమముగా పరచుకొనదు. గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది గనుక కాళ్ళ దగ్గర చేరును. అక్కడ ఇంకను కొంచెమే చాలును. అగరువత్తిని ఎందుకు వద్దంటిమో ఇప్పుడు తెలిసియుండును.

ముక్కునకు ఒక లోపము కూడ కలదు. ఎడతెగక వచ్చు వాసనను అది కొద్ది నిమిషములలోనే లెక్కచేయుట మానును. డ్రైవరు "ఇప్పుడు వాసన పోయినది" అనుట సాక్ష్యము కాదు. బండి దిగి, పది నిమిషములు బయటి గాలి పీల్చి, మరల తల లోపలికి పెట్టినపుడు కలుగు మొదటి తెలివే నమ్మదగినది. ఆ బండి ఎక్కని మరియొకరిచే చూపించుట ఇంకను మేలు.

ఇక ఏ ఇంధనము అన్న ప్రశ్న. పెట్రోలులో తేలిక అణువులు హెచ్చు. 38 డిగ్రీల వేడిమిలో దాని ఆవిరి పీడనము వాతావరణ పీడనములో సగమును మించియుండవచ్చును. అందుచే ఒలికిన పెట్రోలు కొద్ది గంటలలో ఎగిరిపోవును, వాసనయు పోవును. డీజిల్ అణువులు పెద్దవి, బద్ధకమైనవి. ఒకమారు ఆసనపు స్పంజిలోనో, కాళ్ళ క్రింది పట్టాలోనో ఇంకినచో దినముల తరబడి కొంచెము కొంచెముగా లేచుచుండును. కావున రేయింబవళ్ళు ఒకే తీరున వచ్చు డీజిల్ వాసన, నేడు కారుచున్న దాని గుర్తు కాకపోవచ్చును. డ్రైవరు బూటు అడుగున అంటిన బంకు మడుగు కావచ్చును. ఆగి ఆగి వచ్చు పెట్రోలు వాసన మాత్రము ఎక్కడనో ఇప్పుడు కారుచున్నదని చెప్పును.

డీజిల్ నిరపాయమన్న మాట సగమే నిజము. ఏ వేడిమిలో ఇంధనపు ఆవిరి నిప్పు చూపగానే గుప్పుమని అంటుకొనునో దానిని జ్వలన స్థానము అందురు. పెట్రోలునకు ఇది సున్నకు 40 డిగ్రీలు దిగువన ఉండును. మన దేశపు డీజిలుకు 35 డిగ్రీలకు తగ్గరాదని భారత ప్రమాణము విధించినది. హైదరాబాదు వేసవిలో నీడయందే 40 డిగ్రీలు దాటు దినములు కలవు. ఇంజను ప్రక్కన చెప్పనే అక్కరలేదు. అంతేకాక కాలిన లోహముపై పడినచో డీజిల్ సుమారు 210 నుండి 250 డిగ్రీలలో నిప్పురవ్వ లేకనే మండగలదు. ఈ విషయములో పెట్రోలే కొంత మొండిది. పొగగొట్టపు మొదలు అంతకంటె వేడెక్కును.

వెనుక నున్న ట్యాంకు వాసన ముందుకు ఎట్లు వచ్చును? బండి పరుగెత్తునప్పుడు గాలి చీలి ప్రక్కలనుండి వెనుకకు పోవును. డ్రైవరు గది వెనుక గోడకు ఆనుకొని సుడులు తిరుగును. ప్రక్క అద్దము దించినచో లోపలి గాలి బయటికి లాగబడి గదిలో పీడనము తగ్గును. ఆ వెలితి నింపుటకు గాలి దొరికిన సందునుండి చొరబడును: వెనుక అద్దపు రబ్బరు ఎండి పగిలిన చోట, గేరు కడ్డీ అడుగు తిత్తి చినిగిన చోట, తుప్పు తిన్న నేలరేకులో. అద్దము దించినప్పుడు వాసన పెరుగుటయే దీని ఆనవాలు. తాజా గాలికని అద్దము దించినవానికి ఇది వింతగా తోచును గాని, కారణమిదే.

వెదకుటలో అన్నింటికంటె గొప్ప ఆధారము వేళ. ట్యాంకు నింపిన నాడు వచ్చి, సగమైన పిదప పోవు వాసనకు మూలము ట్యాంకు పైభాగము: పోయు గొట్టమును ట్యాంకునకు కలుపు రబ్బరు, ఇంధనపు మట్టము తెలుపు పరికరము క్రింది గాస్కెటు, లేదా మూత. ఇక్కడ డ్రైవర్ల అలవాటొకటి చెప్పవలెను. బంకులో గొట్టము తనంత తాను ఆగిన పిమ్మట "ఇంకొంచెం పొయ్యి" అనుట. పెట్రోలు ఒక్క డిగ్రీ వేడెక్కినచో ఇంచుమించు వేయింట ఒక వంతు వ్యాకోచించును. భూమిలోని చల్లని తొట్టి నుండి తోడిన 30 లీటర్లు ఎండలో 15 డిగ్రీలు వేడెక్కిన, 450 మిల్లీలీటర్లు పెరుగును. అది పోవుటకు చోటేది? పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచుటకు బండిలో ఉత్తేజిత బొగ్గు నింపిన డబ్బా ఒకటి అమర్చియుందురు. ఇంజను నడచునపుడు ఆ ఆవిరిని పీల్చుకొని కాల్చివేయును. అంచువరకు నింపినచో ద్రవమే ఆ డబ్బాలో దూరి బొగ్గును పాడుచేయును. పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపుట 2025 నాటికి దేశమంతట జరిగినది. దానికై తయారుకాని పాత రబ్బరులలో కొన్నింటిని ఇథనాలు ఉబ్బించి బలహీనపరచును. కనుక పాత పెట్రోలు బండ్ల గొట్టములను ముందుగా చూడవలెను.

ఉదయము చల్లని ఇంజను అందుకొనుటకు మొరాయించి, పిమ్మట బాగుగా నడచినచో వేరొక కథ. ట్యాంకు నుండి పంపు వరకు గల భాగములో ఇంధనము పీల్చబడును. అక్కడ సన్నని పగులున్నను నడచునంతసేపు చుక్క కారదు, పైగా గాలి లోపలికి పోవును. బండి నిలిపిన తరువాతనే తడి కనబడును. ఇంజను వేడెక్కిన కొలది వాసన హెచ్చినచో ఇంజెక్టర్లవద్ద మిగిలిన డీజిలును వెనుకకు పంపు సన్నని గొట్టములను అనుమానింపవలెను. వేడికి అవి పెళుసై, పెన్సిలు మందము గలవి కూడ వేలితో వంచిన విరుగును. ఏస్ వంటి బండిలో ఇవి కూర్చున్నవాని క్రిందనే ఉండును గనుక, నాలుగైదు చుక్కలే గదినంతటిని వాసనతో నింపును.

ఇక కంటితో చూచుట. ఇంజను చల్లారవలెను, బండి ఆరుబయట ఉండవలెను, అగ్గిపుల్ల, బీడీ దరిదాపులకు రారాదు. ఈ ప్రాంతములో కొండరాయి పగులగొట్టు ధూళికి, కట్టడముల ధూళికి కొదువలేదు. అది ఇక్కడ అక్కరకు వచ్చును. డీజిల్ చెమ్మ తగిలినచోట ధూళి నల్లని బంకవలె పేరుకొనును. అట్టి చోటును తుడిచి, ఆరనిచ్చి, ముఖమునకు రాచుకొను పౌడరు పలుచగా చల్లి, బండిని కొంతసేపు నడిపి, మరల ఇంజను చల్లారిన పిదప చూచినచో, మొదట తడిసి రంగు మారిన గీతయే పగులు. రాత్రి నిలుపు చోట బండి అడుగున పాత వార్తాపత్రికలు పరచుట మరియొక ఉపాయము. మరకనుబట్టి నిలువుగా పైకి చూడవలెను. అయితే చుక్క కడ్డీవెంట జారి దూరముగా పడవచ్చునని మరువరాదు. తడిసిన పైపుపై గుడ్డ చుట్టుటో, ఎంసీల్ పూయుటో కొందరు మిస్త్రీలు చేయుదురు. అది మరమ్మతు కాదు.

హైటెక్ సిటీ బండ్ల విషయములో ఈ పని వాయిదా వేయరాదనుటకు ప్రత్యేక కారణము కలదు. ఇక్కడి సరుకు చాలవరకు భవనముల నేలమాళిగలలో దిగును. బరువైన ఆవిరి వాలుదారివెంట నీరువలె క్రిందికి జారి, మూలలలో, మురుగు గుంటలలో నిలుచును. నేలమాళిగలలో గాలిపంకాలను నడుపు సాధనములు సాధారణముగా కార్బను మోనాక్సైడును కనిపెట్టునవి. పెట్రోలు ఆవిరికి అవి స్పందింపవు. కావున వాసన గల బండిని పైననే నిలిపి సరుకును చేతిబండిపై దింపుట మంచిది.

గొట్టము మార్చిన తరువాత కూడ వాసన మిగిలినచో, ఆసనపు స్పంజిని, పట్టాను వేరుగా తీసి ఎండలో పెట్టి, అవి లేని బండిని ఒక రాత్రి తలుపులు మూసి ఉంచవలెను. తెల్లవారి తలుపు తెరచిన మొదటి క్షణమున వాసన లేకున్నచో మిగిలినది స్పంజిలోని పాత డీజిలే; ఉన్నచో ఇంకొక పగులు ఎక్కడనో దాగియున్నది.