ప్రవాహములను క్షేమముగా మూయుట

పొలమునకు నీరు పెట్టువాడు తూము తెఱచుట యెఱిగినంతమాత్రమున చాలదు, మూయుటయు నెఱుగవలెను. గణనయంత్రములకు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను మన విద్యార్థులకును ఈ మాట వర్తించును.

2009వ సంవత్సరమున ర్యాన్ డాల్ వెలువరించిన నోడ్ జేఎస్ అను సాధనముచే జావాస్క్రిప్టు భాష సర్వరులయందు విరివిగా వాడబడుచున్నది. అందు పెద్ద ఫైలును ఒక్కసారిగా మెమొరీలో నింపక, కొంచెము కొంచెముగా చదివి పంపు ఏర్పాటునకు స్ట్రీము, అనగా ప్రవాహము, అని పేరు.

వ్రాయు ప్రవాహమును ముగించుటకు రెండు మార్గములు గలవు. 'ఎండ్' అను ఆజ్ఞ, ఇక పంపవలసినది లేదని తెలిపి, బఫరులో నిలిచియున్నదంతయు వ్రాయించును. అంతయు ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగింపబడిన పిమ్మట 'ఫినిష్' అను సంకేతము వచ్చును. 'డిస్ట్రాయ్' అనునది ఆపత్కాలమునకు తగినది. అది మిగిలినదానికై వేచియుండక ప్రవాహమును మూయును. బఫరులోనిది నష్టము కావచ్చును.

ఒక పర్యాయము మేము మార్కుల పట్టిక వ్రాయు ప్రోగ్రామొకటి సిద్ధపఱచితిమి. 'ఎండ్' అని చెప్పిన వెంటనే, 'ఫినిష్' కొఱకు ఆగక, 'ప్రాసెస్ ఎగ్జిట్' అను ఆజ్ఞచే ప్రోగ్రామును నిలిపివైచితిమి. పట్టిక తుదనుండవలసిన పేర్లు వ్రాయబడకయే పోయెను. ఒక తండ్రి వచ్చి, "అయ్యా, మావాడు పరీక్ష వ్రాయలేదా?" అని యడిగినప్పుడుగాని మా తప్పు మాకు తెలియలేదు.

మఱియొక ప్రమాదము గలదు. చదువు ప్రవాహమును వ్రాయు ప్రవాహముతో 'పైప్' చే కలిపినప్పుడు, చదువుటలో దోషము కలిగినచో వ్రాయునది తనంతట మూతపడదు. ఇట్లు తెఱచియున్న ఫైళ్లు ఒకటొకటిగా పెరిగి, సిస్టము విధించిన మితిని దాటగా, 'ఈఎంఫైల్' అను దోషము పుట్టును. అంతట సర్వరు క్రొత్త ఫైలు నేదియు తెఱవజాలదు.

ఇందుకై 2018లో వెలువడిన 10వ వెర్షనునందు 'పైప్‌లైన్' అను సదుపాయము చేర్చబడెను. గొలుసులో నెచ్చట దోషము కలిగినను అది తక్కిన ప్రవాహములనుగూడ మూసి, కార్యము సఫలమైనదో విఫలమైనదో మనకు తెలుపును. 2020లో వచ్చిన 15వ వెర్షను మొదలు దానిని 'అవెయిట్' తో చేర్చి, పని ముగియువఱకు వేచియుండుటయు సులభమైనది.

కావున విద్యార్థులారా, ప్రవాహములను కలుపునప్పుడు 'పైప్‌లైన్' వాడుడు. ఒంటి ప్రవాహమునకు 'ఎండ్' చెప్పి 'ఫినిష్' కొఱకు ఆగుడు. దోషసంకేతమును వినకుండ విడువకుడు. మేమును మా ప్రోగ్రామును ఇట్లే దిద్దుకొంటిమి. ఆ తండ్రికి క్రొత్త పట్టిక చూపితిమి. అందు కడపటి పేరు ఆతని కుమారునిదే.