పస్తులను గుర్తుంచుకునే బ్యాక్టీరియా

మనిషి పెద్దపేగులో కాపురముండే ఈ.కోలై బ్యాక్టీరియాకు తిండి ఒక పద్ధతిగా అందదు. మనిషి భోంచేశాక విందు, ఆ తర్వాత పస్తు. పేగు దాటి మురుగునీటిలోనో మట్టిలోనో పడితే పస్తులే ఎక్కువ. ప్రయోగశాలలో అన్నీ అమరితే 20 నిమిషాలకోసారి రెండుగా చీలే ఈ జీవి బయట అర్ధాకలితోనే చాలాకాలం నెట్టుకొస్తుంది. దానికి మెదడు లేదు, నాడులు లేవు. అయినా ఒకసారి ఎదురైన కరువు ఆనవాళ్లు దాని ఒంట్లో మిగులుతాయి. ఒక్కోసారి ఆ కరువును చూడని సంతానానికీ చేరతాయి.

ఆకలి మొదలైన వెంటనే జరిగేది పొదుపు. అమైనో ఆమ్లాలు తగ్గితే రైబోజోముల్లో ప్రోటీన్ల తయారీ నిలిచిపోతుంది. ఆ సంగతి పసిగట్టే ఎంజైమ్ ఒకటి పీపీజీపీపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. 1969లో మైకేల్ క్యాషెల్, జొనాథన్ గాలంట్ ఆకలిగొన్న కణాల సారాన్ని పరీక్షిస్తున్నప్పుడు ఇది అనుకోని మచ్చల రూపంలో బయటపడింది. వాటికి ‘మాయ మచ్చలు’ అనే పేరు స్థిరపడింది. ఈ అణువు పెరగగానే కొత్త రైబోజోముల తయారీ ఆగుతుంది, కష్టకాలానికి పనికొచ్చే జన్యువులు పని మొదలుపెడతాయి. తిండి దొరికితే అణువు విరిగిపోతుంది. కాబట్టి దీన్ని జ్ఞాపకం అనలేం.

అసలు జ్ఞాపకం కనబడేది ఒక తిండి అయిపోయి మరో తిండికి మారాల్సిన చోట. 1940ల మొదట్లో పారిస్‌లో జాక్ మొనో ఈ.కోలైకి గ్లూకోజును, పాలలో ఉండే లాక్టోజును కలిపి పెట్టాడు. బ్యాక్టీరియా ముందు గ్లూకోజునంతా తినేసింది. తర్వాత కొంతసేపు ఎదుగుదల ఆగిపోయింది. లాక్టోజును లోపలికి లాగే ప్రోటీను, దాన్ని విరిచే ఎంజైము అప్పుడుగానీ తయారవలేదు. వాటిని అవసరం లేనప్పుడు తయారుచేయడం దండగ ఖర్చు, ఎదుగుదల మందగిస్తుంది. ఈ పరిశోధన కొనసాగి మొనోకు, ఫ్రాన్స్వా జాకబ్, ఆంద్రే ల్వోఫ్‌లకు కలిపి 1965లో నోబెల్ తెచ్చింది.

చక్కెరలను ఒకసారి కాక పదేపదే మార్చి చూస్తే? గియోమ్ లాంబెర్, ఎడో కుసెల్ 2014లో ప్రచురించిన ప్రయోగం అదే. సన్నని గొట్టాల్లో కణాలను నిలిపి గ్లూకోజు, లాక్టోజు వంతులవారీగా పంపారు. లాక్టోజు మొదటిసారి వచ్చినప్పుడు కణాలు తడబడి ఆగాయి. కొద్ది గంటల గ్లూకోజు తర్వాత అది మళ్లీ వస్తే ఆగలేదు. కారణం సాదాసీదాది: మొదటిసారి తయారైన ప్రోటీన్లు త్వరగా పాడవవు, కణం చీలినప్పుడు పిల్లకణాలకు పంచబడతాయి. తాతల నాటి పొలం పంపకాల్లో తరతరానికీ సగమైనట్టే ఈ ఆస్తీ తరుగుతుంది. పది చీలికల తర్వాత ఒక్కో కణానికి మిగిలేది వెయ్యోవంతుకూ తక్కువ. అంటే మార్పులు వెంటవెంటనే వస్తేనే ఈ జ్ఞాపకం అక్కరకొస్తుంది. చాలాకాలం రాని లాక్టోజును మరిచిపోవడమే ఆ కణాలకు లాభం.

ఇనుము విషయంలో జ్ఞాపకానికి ప్రోటీన్ల నిల్వ కూడా అక్కర్లేదు, కణంలోని ఇనుము మోతాదే గుర్తు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో సౌవిక్ భట్టాచార్య, రసిక హర్షే బృందం 2023లో దీన్ని వివరించింది. ఇనుము తక్కువున్న ఈ.కోలై కణాలు గుంపుగా కదిలి కొత్త చోట్లకు పాకడంలో ముందుంటాయి. ఇనుము ఎక్కువున్నవి పొరగా ఏర్పడి ఉన్నచోటే స్థిరపడతాయి. తల్లికణం మోతాదు నాలుగు తరాల వరకు ప్రభావం చూపి, ఏడో తరానికల్లా చెరిగిపోతుంది.

బాసిలస్ సబ్టిలిస్ దారి వేరు. కరువు ముదిరితే అది గట్టి కవచమున్న సిద్ధబీజంగా మారి నిద్రలోకి జారుతుంది. ఆ బీజంలోకి తల్లికణం నుంచి అలనిన్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము వెళ్తుంది. అలనిన్ అనే అమైనో ఆమ్లం తగిలినప్పుడు బీజం తిరిగి ఎదగగలదా అన్నది చాలావరకు ఆ ఎంజైముమీదే ఆధారపడుతుంది.

పైవన్నీ కొన్ని తరాలతో పోయే గుర్తులు. కరువు ఎడతెగకపోతే మార్పు జన్యువుల్లోకి ఎక్కుతుంది. 1993లో రొబెర్టో కోల్టర్ బృందం పది రోజులు పస్తున్న ఈ.కోలై కణాలను ఒక్కరోజు వయసు కణాలతో కలిపితే ముసలివే పైచేయి సాధించాయి. వాటిలో మార్పు వచ్చిన జన్యువు ఆర్‌పీఓఎస్. విడ్డూరమేమిటంటే, కరువులో రక్షణ చర్యలన్నిటినీ నడిపించేది అదే. ఆ జన్యువు పట్టు సడలిన కణాలే అరకొర తిండితో పెరగగలిగాయి.

రిచర్డ్ లెన్స్కీ 1988లో అమెరికాలో మొదలుపెట్టిన ప్రయోగం మరీ పెద్దది. పన్నెండు సీసాల్లో ఈ.కోలైకి రోజూ కొద్దిగా గ్లూకోజు. కొన్ని గంటల్లోనే అది అయిపోతుంది, మర్నాడు నూరోవంతు కణాలను కొత్త సీసాలోకి మార్చేదాకా పస్తే. తరాలు 75 వేలు దాటాయి. తిండి అందగానే ఎదగడం మొదలుపెట్టడానికి పట్టే సమయం వాటికి తగ్గిపోయింది. ఆ ద్రావణంలో సిట్రేటు కూడా ఉంటుంది కానీ గాలి ఉన్నచోట ఈ.కోలై దాన్ని తినలేదు. సుమారు 31,500వ తరంలో ఒక్క సీసాలోని కణాలు తినడం మొదలుపెట్టాయి. ఫ్రీజర్లో దాచిన పాత తరాలను లెన్స్కీ బృందంలోని జకరీ బ్లౌంట్ మళ్లీ పెంచి చూస్తే, 20 వేల తరాల తర్వాతి నమూనాల్లోనే ఆ శక్తి తిరిగి పుట్టింది. అంతకు ముందువాటిలో ఒక్కటీ సిట్రేటును ముట్టలేదు.