మాత్ర మింగుతున్నా నీరసం పోలేదా?

"డాక్టరు గారూ, ఆరునెలలనుంచీ మాత్ర మింగుతూనే వున్నాను. అయినా యీ నీరసం పోలేదు. మందు పెంచుకోమంటారా?"

థైరాయిడ్ జబ్బుతో బాధపడేవారు తరచుగా అడిగే ప్రశ్న యిది. గొంతు ముందర సీతాకోకచిలుకలా వుండే చిన్న గ్రంథి థైరాయిడ్. అది తయారుచేసే హార్మోను చాలకపోతే ఒళ్లు బరువెక్కుతుంది, చలికి ఓర్వలేరు, జుట్టు రాలుతుంది, మతిమరుపు వస్తుంది. ఆ లోటు తీర్చేదే లెవోథైరాక్సిన్ మాత్ర.

వైద్యం కొత్తదేమీ కాదు. 1891లో ఇంగ్లండులో జార్జి ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ సారాన్ని ఒక స్త్రీకి సూదిమందుగా యిచ్చాడు. ఆమె మరి 28 ఏళ్లు బ్రతికింది. మరి మనకెందుకు గుణం కనిపించదు?

చాలా సందర్భాలలో లోపం మందులో లేదు, మింగే తీరులో వున్నది. మాత్రను పరగడుపున, మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంటనుంచి గంటవరకూ టీ, కాఫీ, ఫలహారం ముట్టరాదు. రక్తం పట్టడానికి వాడే ఐరన్ మాత్రలకూ, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటలు ఎడం వుండాలి. లేకుంటే మందు ఒంటికి పట్టదు.

మంచిర్యాల వంటి బొగ్గు ప్రాంతంలో యీ నియమం పాటించడం అంత తేలిక కాదు. శ్రీరాంపూర్, మందమర్రి బాయిలకు వెళ్లేవారి యిళ్లలో షిఫ్టు మారితే నిద్రవేళా, తిండివేళా మారిపోతాయి. ఉదయం కుదరనివారు రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత పడుకునేముందు వేసుకోవచ్చునేమో డాక్టరునడిగి, వీలైన ఒక్క వేళనే ఖాయం చేసుకోవాలి. మరొక సంగతి, ఎండ. వేసవిలో యిక్కడ వేడి 45 డిగ్రీలు దాటుతుంది. వేడికీ, వెలుతురుకూ, చెమ్మకూ యీ మాత్ర బలం తగ్గుతుంది. సీసాను పొయ్యి పక్కనా, కిటికీలోనూ పెట్టకండి.

మోతాదు మార్చినా గుణం మర్నాడే తెలియదు. ఒంట్లో చేరిన మందులో సగం తరగడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే ఆరునుంచి ఎనిమిది వారాలు ఆగి టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష చేస్తారు. మెదడు క్రింద వుండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే హెచ్చరిక యిది. మందు చాలకపోతే యీ అంకె పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. జుట్టు కోసం బయోటిన్ వాడేవారు ఆ మాట ముందే చెప్పాలి. దానివల్ల పరీక్ష తప్పు చూపవచ్చు.

అంకె సరిగా వున్నా నీరసం వదలలేదా? రక్తహీనత, బి12 లోటు, మధుమేహం, నిద్రలేమి, మనసులోని దిగులు, యివన్నీ అదే వేషంలో వస్తాయి. లయోథైరోనిన్ అనే రెండవ హార్మోను కలిపి యిచ్చి చూసిన పరీక్షలు అనేకం. అందరికీ అది మేలని మాత్రం రుజువు కాలేదు.

కనుక తొందరపడి రెండు మాత్రలు మింగకండి. మందు మితిమీరితే గుండెదడ పుడుతుంది, గుండె లయ తప్పవచ్చు. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు గుల్లబారతాయి. అలాగని నీరసం తగ్గలేదని విసిగి మానివేయడమూ ముప్పే. గర్భవతులకు మోతాదు సాధారణంగా పెంచవలసి వస్తుంది. నెల తప్పిన వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు పాత పరీక్ష కాగితాలూ, వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లండి. మాత్ర ఏ వేళకు, దేనితో వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. మందు పెంచాలో, వేళ మార్చాలో ఆయన తేల్చగలిగేది అప్పుడే.